కరిగిపోయే చరిత్ర: కరీంనగర్ వెండి తీగ దుకాణం, మన అవ్వల ఘుగ్రీలు

  పోస్ట్ జర పెద్దగున్నది, ఓపికతో చదవండి.

మన చరిత్ర ఎక్కడుంది అని అడిగితే పాటల్లో ఉంది, జాతరల్లో ఉంది అని చెప్తం. ఇంకోచోట కూడా ఉండేది. మన అవ్వల మెడల మీద, కాళ్ల మీద, జడల కొసల్లో వెండి రూపంలో ఉండేది. అది ఎట్ల పోయిందో అర్థం కావాలంటే ముందు వెండి పని ఎట్ల జరుగుతదో తెలవాలె. దానికి నేను హాస్టల్‌లో ఉండి చదువుకుంటున్న కరీంనగర్ కంటే మంచి ఊరు లేదు. ఇక్కడి వెండి తీగ పనిని అందరూ ఫిలిగ్రీ అంటరు.

ఈ పని మొదట కరీంనగర్‌ది కాదు, మానేరు పక్కనున్న ఎలగందులది. కోట ఉన్న ఊరు, నిజాం కాలంలో జిల్లా కేంద్రం. అధికారులు, జాగీర్దార్లు ఉన్నచోటే ఖరీదైన వస్తువులు కొనేవాళ్లు ఉంటరు. 1905లో జిల్లా కేంద్రం కరీంనగర్‌కు మారింది. కచ్చేరీ వెంట కొనేవాళ్లు, కొనేవాళ్ల వెంట పనివాళ్లు కదిలి వచ్చిన్రు. అప్పుడు ఎక్కువగా చేసినవి నగలు కావు. పాన్‌దాన్లు, అత్తర్‌దాన్లు, పన్నీరు చల్లే గులాబ్‌పాష్‌లు, పళ్లేలు. అంటే దివాన్‌ఖానాల్లో పెట్టుకునే సామాను. కమ్మలు, లాకెట్లు, నెమళ్లు, హంసలు, కీచైన్లు తర్వాత తర్వాత పెరిగినయి.

ఇప్పుడు ఒక చిన్న ఇంటి దుకాణంలో పని ఎట్ల నడుస్తదో చూద్దాం. ముందు గదిలో అద్దాల బీరువా, తక్కెడ. వెనక గదిలో పని. వెండిని మూసలో కరిగించి కడ్డీ పోస్తరు. కడ్డీని సాగగొట్టి కమ్మచ్చులో తీస్తరు. కమ్మచ్చు అంటే వరుసగా చిన్నవైపోయే రంధ్రాలున్న ఉక్కు పలక. పెద్ద రంధ్రంలోంచి మొదలుపెట్టి ఒక్కొక్కటి దాటిస్తూ లాగితే తీగ వెంట్రుక లెక్క అయితది. వెండి దాదాపు స్వచ్ఛంగా ఉంటేనే ఇది సాధ్యం. రాగి ఎక్కువ కలిస్తే తీగ గట్టిపడి మధ్యలనే తెగుతది. అందుకే ఈ పనిలో కల్తీ చేసినోడికి కమ్మచ్చే శిక్ష వేస్తది.

రెండు సన్న తీగలను కలిపి పురి పెట్టి, కొద్దిగా చదును చేస్తరు. అంచుల మీద కనిపించే సన్న గింజల లాంటి మెరుపు ఆ పురి వల్లనే వస్తది. ముందు మందం తీగతో ఆకు, పువ్వు, నెమలి ఆకారం కట్టి, దాని లోపల ఈ సన్న తీగను చుట్టలు చుట్టి శ్రావణంతో ఒక్కొక్కటి ఇరికిస్తరు. తర్వాత టంకం పొడి, వెలిగారం చల్లి మంట చూపిస్తరు. వేడి తక్కువైతే అతకదు, ఒక్క క్షణం ఎక్కువైతే గంటల పని ముద్దయిపోతది. అందుకే ఆ టైంల ఎవరూ మాట్లాడరు.

పేరు దుకాణందారు ఒక్కడిదే ఉన్నా, పని ఇంటిల్లిపాదిది. తీగ లాగుడు, మంట దగ్గర కూర్చునుడు ఒకరు, చుట్టలు నింపుడు ఇంకొకరు. దుకాణం ఊడ్చిన దుమ్మును కూడా పారెయ్యరు. కాల్చి కడిగితే అందులోంచి వెండి రవ్వలు దొరుకుతయి.

ఇక అసలు విషయం. ఈ దుకాణంలో నగ ధరలో రెండు లెక్కలు ఉంటయి. ఒకటి వెండి బరువు, రెండు మజూరి. తీగ పనిలో వెండి కొంచెం, చెయ్యి పని చాలా. అదే నగను మళ్లీ అమ్మబోతే ఎక్కడైనా ఒకటే లెక్క: బరువు. పైనుంచి తరుగు, టంకం తీసేస్తరు. మజూరి మొత్తం గాలికి పోతది. తక్కెడకు నెమలి తెలవదు, పువ్వు తెలవదు.

ఇది అర్థమైతే చరిత్రలో ఏది మిగిలింది, ఏది మిగల్లేదు అన్నది కూడా అర్థమైతది. దొరల పాన్‌దాన్లు మిగిలినయి. వాళ్లకు కరువు వచ్చినా అవి కరిగించుకోవాల్సిన అవసరం రాలేదు. అట్లాంటి వస్తువులు మ్యూజియంలకు చేరినయి, ఫోటోలు ఎక్కినయి. మనోళ్ల వెండి మిగల్లేదు.

మన లంబాడోళ్ల సంగతే చూడండి. ఎద్దుల మీద ఉప్పు, ధాన్యం మోసుకుంటూ దేశమంతా తిరిగిన జాతి. రైళ్లు వచ్చి ఆ వ్యాపారం పోయింది. బ్రిటిషోళ్లు 1871లో నేరస్థ తెగల చట్టం తెచ్చి ఇట్లాంటి సంచార జాతుల మీద నిఘా పెట్టిన్రు. ఆ ముద్ర 1952 దాకా తొలగలేదు. తెలంగాణలో మనకు ఎస్టీ గుర్తింపు వచ్చింది 1976 చట్టంతోనే. ఇల్లు, పట్టా, బ్యాంకు లేని మనిషి సంపాదించింది ఎక్కడ దాచుకుంటడు? ఒంటి మీదనే. చెంపల పక్కన వేలాడే ఘుగ్రి, టోప్లి, మెడలో హాస్లి, రూపాయి బిళ్లల హారం. ఇవన్నీ అందం, ఆచారం, ఆపదలో ఆసరా, మూడూ ఒకటే. వీటిని చేసింది ఊళ్లల్ల అవుసులోళ్లు. పెట్టుకున్నోళ్ల పేరూ, చేసినోళ్ల పేరూ ఏ కాగితంలోనూ లేవు.

పెళ్లి వచ్చింది, ఒక హారం. విత్తనాలకు అప్పు, ఒక హాస్లి. ఆస్పత్రి, ఇంకొకటి. ప్రతిసారీ తక్కెడ, తర్వాత మూస. అవ్వ సంతకం లెక్క ఉన్న వస్తువు పది నిమిషాల్లో ముద్దయిపోయింది.

బరువు లెక్కలో కూడా తెలివి కావాలె. పాత బ్రిటిష్ రూపాయి సరిగ్గా ఒక తులం, 11.66 గ్రాములు, అందులో వెండి 91.7 శాతం. 1940 నుంచి దాన్ని 50 శాతానికి తగ్గించిన్రు. నిజాం హాలీ సిక్కా రూపాయి దాదాపు 11.18 గ్రాములు, వెండి సుమారు 82 శాతం. ఒకే హారంలో ఈ మూడు రకాలూ ఉండొచ్చు. చూడ్డానికి అన్నీ తెల్ల బిళ్లలే. చదువురాని అవ్వ వాటిని అమ్మేటప్పుడు ఎవరి లెక్క చెల్లుతదో మీకు చెప్పాల్సిన పని లేదు. ఇంట్లో బిళ్లల హారం ఉంటే ముందు సంవత్సరాలు చదవండి. ఇది మన చదువుకు మొదటి పని.

కరీంనగర్ పనివాళ్లు తమ పేరును కాపాడుకునే ప్రయత్నం చేసిన్రు. సంఘం పెట్టుకున్నరు. 2007లో కరీంనగర్ సిల్వర్ ఫిలిగ్రీకి భౌగోళిక గుర్తింపు, అంటే జీఐ వచ్చింది. ఒడిశాలో ఇదే పనికి పేరున్న కటక్ తారకాసికి 2024లో వచ్చింది. మన ఆదిలాబాద్ డోక్రాకు 2018లో వచ్చింది. గోండుల దేవుళ్లకు, పండుగలకు ఇత్తడి వస్తువులు పోసిన ఓజాల పని అది. జీఐ రాంగనే కడుపు నిండదు. వెండి 2025లో కిలో లక్ష దాటిపోయింది. సరుకు కొనడానికే చిన్న దుకాణానికి చెయ్యి ఆడదు. వాళ్ల పిల్లలు కూడా మన లెక్కనే కాలేజీలకు పోతున్నరు, తప్పు పట్టలేం. కానీ వస్తువు ఎక్కడిది, ఎట్ల చేసేది అని రాసి పెట్టినందుకు రేపు ఎవరన్నా నేర్చుకోవాలంటే దారి ఉంటది. రాయని పనికి ఆ దారి కూడా ఉండదు.

వెండి ధర పెరిగిన ఈ టైంలనే మన తండాల్లో, గూడేల్లో మిగిలిన పాత సొమ్ములు అమ్ముడు పోతయి. అవసరం ఉన్నోళ్లను అమ్మొద్దు అనే హక్కు మనకు లేదు. ఫీజు కట్టడానికి అమ్మిన వెండితోనే మనలో కొందరం ఇక్కడిదాకా వచ్చినం. అమ్మే ముందు మాత్రం ఒక్క గంట ఆగండి. వస్తువును స్కేల్ పక్కన పెట్టి ముందు, వెనక ఫోటో తీయండి. దాని పేరు మన భాషలో ఏమంటరో, ఎవరు ఎప్పుడు పెట్టుకుంటరో, ఏ ఊరి అవుసులాయన చేసిండో అవ్వను అడిగి రాయండి. బరువు తూయించి రాయండి. అవ్వ మాట ఫోన్‌ల రికార్డు చేయండి.

సెలవులకు ఇంటికి పోయినప్పుడు ఒక్కొక్కరం ఒక్క వస్తువు రాసినా, మన గ్రూప్‌లో ఇంతమందిమి ఉన్నం కదా, ఒక పుస్తకం అయితది. మీ ఇంటి భాషలో ఆ సొమ్ముల పేర్లు కింద రాయండి. కోయ, గోండి, కొలామి, గోర్‌బోలి ఏదైనా సరే, తెలుగు లిపిలోనే రాయండి. నేను మా తండావి రాయడం మొదలుపెట్టిన.