గ్రహణం ఫోటోలో రెండో సూర్యుడు ఎక్కడిది?

ఈ రోజు ఎపిసోడ్ నా ఫోన్‌లో ఉన్న ఒక పాత ఫోటోతో మొదలుపెడదాం.

2022 అక్టోబర్ 25, దీపావళి తెల్లారి. సాయంత్రం సుల్తానాబాద్‌లో మా ఇంటి డాబా మీద ఉన్న. పడమర దిక్కున సూర్యుడు కుంగుతున్నడు, పాక్షిక గ్రహణం నడుస్తోంది. ఫోన్ తీసి టకటకా నాలుగు ఫోటోలు కొట్టిన. తర్వాత చూస్తే రెండు విచిత్రాలు. ఒకటి, సూర్యుడు మామూలుగా గుండ్రంగా మెరుస్తున్నడు, గ్రహణం పట్టినట్టే లేదు. రెండోది, ఫోటోలో అటు మూలకి లేత పచ్చ రంగులో చిన్న నెలవంక ఒకటి ఉంది. ఆకాశంలో అక్కడ నాకు ఏదీ కనపడలేదు.

తెలిసీ తెలియక ఆ ఫోటో చుట్టాల గ్రూపులో పెట్టిన. గంట తిరగకముందే అదే ఫోటో ఇంకో గ్రూపు నుంచి మా ఇంటికే వాపస్ వచ్చింది. కింద రాత మాత్రం మారింది: "శాస్త్రవేత్తలు దాచిన రెండో సూర్యుడు". మా బాపమ్మ ఫోన్ పట్టుకొచ్చి, "బిడ్డా, గిది మంచికా, చెడుకా?" అని అడిగింది. బీటెక్ చదివిన, సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసిన, కానీ జవాబు లేదు నా దగ్గర. పైగా ఆ పుకారుకు మొదటి ఫోటో నాదే.

తర్వాత చదివితే తెలిసింది, ఈ ప్రశ్న కొత్తది కాదని. "ఈ వెలుగు ఆకాశంలో ఉందా, లేక మన పరికరంలో పుట్టిందా?" అని 150 ఏళ్ల కింద ప్రపంచంలోని పెద్ద పెద్ద ఖగోళ శాస్త్రవేత్తలే తలలు పట్టుకున్నారు. ఆ పంచాయితీ తేలిన చోట్లలో మన గుంటూరు ఒకటి.

మొదట ఆ పంచాయితీ ఏందో చూద్దాం. సంపూర్ణ సూర్యగ్రహణంలో చంద్రుడు సూర్యుణ్ణి పూర్తిగా కప్పేస్తాడు. అప్పుడు నల్లటి బిళ్ళ అంచున ఎర్రటి మంటల్లాంటివి కనిపిస్తాయి. వాటి చుట్టూ తెల్లటి కాంతి వలయం ఉంటుంది, దాన్నే కరోనా అంటారు. 1842లో యూరప్‌లో గ్రహణం చూసినవాళ్ళకు ఆ ఎర్ర మంటలేమిటో అర్థం కాలేదు. సూర్యుడివని కొందరు, చంద్రుడివని కొందరు, అసలు అది కంటి భ్రమేనని ఇంకొందరు. చూసినవాళ్ళు చేత్తో గీసిన బొమ్మలు ఒకదానితో ఒకటి కలవవు. మరి ఎవరి మాట నమ్మాలి?

అక్కడే ఫోటోగ్రఫీ రంగంలోకి దిగింది. సంపూర్ణ గ్రహణం తొలి మంచి ఫోటో 1851 జులై 28న, అప్పటి ప్రష్యాలోని కోనిగ్స్‌బర్గ్‌లో బెర్కోవ్‌స్కీ తీశాడు. 1860 జులై 18న స్పెయిన్‌లో గ్రహణం. వందల కిలోమీటర్ల దూరంలో రెండు బృందాలు కెమెరాలు పెట్టాయి. ఒకచోట ఇంగ్లండ్ నుంచి వచ్చిన వారెన్ డి లా రూ, ఇంకోచోట ఇటలీకి చెందిన ఏంజెలో సెక్కీ. రెండు చోట్లా ప్లేట్ల మీద అవే మంటలు, అదే ఆకారం. పైగా చంద్రుడు జరుగుతున్న కొద్దీ ఒక వైపు మంటలు మూసుకుపోతూ, రెండో వైపువి బయటపడుతూ వచ్చాయి. మంటలు చంద్రుడివైతే చంద్రుడితో పాటే జరగాలి కదా! జరగలేదు. అంటే అవి సూర్యుడివే.

ఇంకో ప్రశ్న మిగిలింది. ఆ మంటలు దేనితో తయారయ్యాయి?

ఇప్పుడు మన దగ్గరికి వద్దాం. 1868 ఆగస్టు 18. చంద్రుడి నీడ ఏడెన్ మీదుగా అరేబియా సముద్రం దాటి, దక్కన్ మీదుగా తూర్పు తీరానికి వచ్చింది. మద్రాసు అబ్జర్వేటరీలో పనిచేసే చింతామణి రఘునాథాచారి మన వనపర్తిలో పరిశీలన చేశాడు. అదే అబ్జర్వేటరీ అధిపతి నార్మన్ పోగ్సన్ మచిలీపట్నం వెళ్ళాడు. గుంటూరులో రెండు బృందాలు దిగాయి. ఒకటి ఫ్రెంచ్ శాస్త్రవేత్త జాన్సన్‌ది, రెండోది బ్రిటిష్ సైనిక ఇంజనీర్ టెనెంట్‌ది.

ఫోటోల బాధ్యత టెనెంట్ బృందానిది. అప్పటి ఫోటో అంటే మనలా బటన్ నొక్కుడు కాదు. గాజు పలకకి మందు పూసి, అది తడి ఆరకముందే ఫోటో తీసి, వెంటనే చీకటి గదిలో కడగాలి. ఆగస్టు ఉక్కపోత, ఆపైన పలచటి మబ్బు. సంపూర్ణ గ్రహణం ఉండేది ఐదు నిమిషాలకు పైగా, అంతే. ఆ కాస్త సమయంలో ఆరు ప్లేట్లు తీశారు. మబ్బు వల్ల వెలుగు తక్కువ పడింది. అయినా ఒక పెద్ద జ్వాల కొమ్ములాగా నిలబడి కనిపించింది. ఎత్తు లక్ష కిలోమీటర్ల పైమాటే, అంటే మన భూమిలాంటివి కనీసం ఏడెనిమిది ఒకదానిపై ఒకటి పేర్చినంత. కొద్దిసేపు ముందు ఏడెన్‌లో జర్మన్ బృందం తీసిన ఫోటోల్లోనూ అదే కొమ్ము ఉంది. మధ్యలో మూడు వేల కిలోమీటర్లకు పైగా దూరం. రెండు కెమెరాలు ఒకే అబద్ధం చెప్పవు కదా.

జాన్సన్ స్పెక్ట్రోస్కోప్‌తో చూశాడు. అంటే వెలుగుని రంగులుగా విడగొట్టి చూసే పరికరం. ఆ మంటల నుంచి విడివిడిగా మెరిసే గీతలు కనిపించాయి. అంటే అది వేడి వాయువు, ముఖ్యంగా హైడ్రోజన్. ఆ గీతలు ఎంత ప్రకాశంగా ఉన్నాయంటే, గ్రహణం లేకున్నా ఇవి కనపడాలి కదా అనుకున్నాడు. మరుసటి రోజు ఆగస్టు 19న మామూలు ఎండలో పరికరం గురిపెట్టాడు. కనపడ్డాయి! చంద్రుడు అడ్డం లేడు, అయినా మంట ఉంది. ఇంగ్లండ్‌లో లాక్యర్ కూడా అదే అక్టోబర్‌లో విడిగా ఈ పని చేసి చూపించాడు. అప్పుడు గమనించిన ఒక పసుపు గీత సోడియం గీతతో సరిపోలేదు. దానికి కారణమైన కొత్త మూలకమే హీలియం. భూమి మీద అది 1895లో గానీ దొరకలేదు.

కానీ గాజు పలకలు కూడా మోసం చేసేవి. బలమైన వెలుగు మందు పొర దాటి, గాజు వెనక తలానికి తగిలి వాపస్ వచ్చి, మళ్ళీ మందు మీద పడేది. దాంతో వెలుగు చుట్టూ లేనిపోని కాంతి అచ్చయ్యేది. కొన్ని ఫోటోల్లో మంటలు చంద్రుడి అంచుని కొరికినట్టు కనిపించేవి. అందుకే కరోనా మీద అనుమానం అట్లనే ఉండిపోయింది. అది సూర్యుడిదా, మన గాలిలో చెదిరిన వెలుగా?

1871 డిసెంబర్ 12న దక్షిణ భారతంలో మళ్ళీ సంపూర్ణ గ్రహణం. కేరళ తీరంలో బేకల్ కోట దగ్గర ఒక బృందం, ఊటీ పక్కన 2,637 మీటర్ల దొడ్డబెట్ట మీద టెనెంట్ బృందం. ఒకటి సముద్రం గాలి, ఇంకోటి కొండ గాలి. మధ్య దూరం సుమారు 200 కిలోమీటర్లు. గాలి వల్లే ఆ వలయం పుడితే రెండు చోట్లా వేరేగా ఉండాలి. ఫోటోలు పక్కపక్కన పెడితే కరోనాలో అవే పాయలు, అవే చీలికలు. కరోనా కూడా సూర్యుడిదే అని గట్టిపడింది.

కోడ్ రాసేవాళ్ళకి ఇది బాగా తెలిసిన పని. బగ్ నా మెషీన్‌లోనా, సర్వర్‌లోనా అని తేల్చాలంటే ఒక్కొక్కటీ మార్చి చూస్తాం. వాళ్ళూ అదే చేశారు. చోటు మార్చారు, రోజు మార్చారు, పరికరం మార్చారు. మారకుండా నిలబడ్డదే ఆకాశానిది.

ఇక నా ఫోటో. సూర్యుడి వెలుగు ఎక్కువై సెన్సర్‌లో ఆ భాగం, బకెట్ నిండి పొర్లినట్టు, తెల్లగా నిండిపోయింది. అందుకే కోత కనపడలేదు. ఫోన్ లెన్స్‌లో పొరలు పొరలుగా చాలా కటకాలుంటాయి. వాటి మీద, సెన్సర్ మీద తగిలిన వెలుగులో కొంచెం అటూ ఇటూ ఎగిరి మళ్ళీ సెన్సర్ మీద పడుతుంది. ఆ ప్రతిబింబం చాలా పలచన. పలచన కాబట్టే అందులో సూర్యుడి అసలు ఆకారం కనిపించింది! కోత మాత్రం తలకిందులుగా, ఎదురు వైపు. ఫోటో మధ్యలో చుక్క పెట్టి గీత గీస్తే సూర్యుడు ఒక కొసన, ఈ నెలవంక ఇంకో కొసన. అంటే రెండో సూర్యుడు కాదు, ఉన్న సూర్యుడి నీడబొమ్మే.

నమ్మకం లేదా? ఈ రాత్రి వీధి దీపానికి ఫోన్ చూపించి మెల్లగా తిప్పండి. దీపం ఫ్రేములో ఎడమకి పోతే ఒక చిన్న వెలుగు చుక్క కుడికి పోతుంది. దీపాన్ని ఫ్రేములోంచి పూర్తిగా తప్పిస్తే చుక్క కూడా మాయమైతది.

సూర్యుడితో మాత్రం ఈ ఆట వద్దు. నేను ఆ రోజు డాబా మీద చేసింది తప్పు. ఫోన్ గురిపెట్టే హడావిడిలో కన్ను నేరుగా సూర్యుడి వైపు పోతుంది. రెటీనా కాలినా నొప్పి తెలియదు, తెలిసేసరికి చూపు పోయి ఉండొచ్చు. ఎక్స్‌రే ఫిల్మ్, సీడీ, మామూలు చలువ కళ్ళద్దాలు పనికిరావు. గ్రహణం కోసమే చేసిన ప్రమాణిత ఫిల్టర్ కళ్ళద్దాలు కావాలి. లేదంటే సూర్యుడికి వీపు చేసి నిలబడి, వంటింట్లో జల్లెడ తెచ్చి నీడ చూడండి. ఒక్కో రంధ్రానికి ఒక్కో సూర్యుడు కింద పడతాడు.

ఇదంతా తెలుసుకున్నాక బాపమ్మకి వీధి దీపంతో చేసి చూపించిన. ఫోన్ తనే తీసుకుని అటూ ఇటూ తిప్పింది. "మంచిదీ కాదు, చెడ్డదీ కాదు, అద్దం చేసిన పని" అంది. తర్వాత ఇంకో మాట అంది: "మరి గ్రూపుల వాళ్ళకి చెప్పినవా?" అప్పటిదాకా చెప్పలేదు. ఆ రాత్రే తప్పు నాదని రాసి, వివరం పెట్టిన. రెండో సూర్యుడు ఎన్ని గ్రూపులు తిరిగిందో, ఈ వివరం అందులో సగం కూడా తిరగలేదు. అందుకే ఈ ఎపిసోడ్.

2031 మే 21న కేరళ, తమిళనాడు మీదుగా కంకణ గ్రహణం వస్తోంది, మనకు పాక్షికంగా కనిపిస్తుంది. ఆ రోజు మీ ఫోన్‌కి ఇట్లాంటి ఫోటో తప్పకుండా వస్తుంది. ఫార్వర్డ్ చేసే ముందు పక్క ఊరి దోస్తుకి ఫోన్ చేసి, వాళ్ళ ఫోటోలో కూడా అదే చోట అదే ఉందా అని అడగండి. ఉంటాను, నమస్తే.