బాప్తిస్మం తరువాత మిగిలే భయం: ఖమ్మం–భద్రాచలం అడవి అంచు సంఘాలలో గతం, విశ్వాసం

క్రైస్తవ విశ్వాసంలోకి వచ్చిన మనిషిని గతం ఒక్క రోజులో వదిలిపెట్టదు. ఈ సంగతి పాస్టర్లకు తెలుసు, సంఘపెద్దలకు తెలుసు, బాప్తిస్మం పొందినవాళ్లకు అందరికన్నా బాగా తెలుసు. అయినా మన సువార్త సాహిత్యంలో మారుమనస్సు కథలు దాదాపు అన్నీ నీళ్లలోంచి పైకి లేచిన చోటే ముగిసిపోతాయి. ఆ తరువాత పిల్లకి జ్వరం వచ్చిన రాత్రి ఎవరి దగ్గరికి పరుగెత్తారు, మేనమామ చనిపోతే దినాల దగ్గర ఎలా నిలబడ్డారు, కొత్తల పండుగనాడు ఊరంతా డోలు మోగుతుంటే ఇంట్లో ఏం చేశారు అన్నవి ఎవరూ రాయరు. ఖమ్మం నుంచి భద్రాచలం మీదుగా, శబరి గోదావరిలో కలిసే కూనవరం దాకా ఉన్న అడవి అంచు ఊళ్లలో క్రైస్తవానికి నూట అరవై ఏళ్ల చరిత్ర ఉంది. ఆ చరిత్రను ఈ రాయని ప్రశ్నల వైపు నుంచి చదవడం ఈ వ్యాసం పని.

నా వాదం ఇది. మనిషిని పట్టి ఉంచే గతంలో రెండు వేరు వేరు సంగతులు కలిసిపోయి ఉంటాయి: ఒకటి భయం, రెండోది జ్ఞాపకం. ఈ ప్రాంతపు సంఘం భయాన్ని ఎదుర్కొన్న చోట మనుషులు నిజంగా విడుదల పొందారు. జ్ఞాపకాన్నే పాపంగా ఎంచి దాని మీద పడ్డ చోట భయం చెక్కుచెదరకుండా లోపలే ఉండిపోయింది.

దుమ్ముగూడెం

ఇక్కడి కథ గోదావరి పడవ మార్గంతో మొదలైంది. ఎగువ గోదావరిలో పడవలు నడిచేలా ఆనకట్టలు, కాలువలు కట్టే పనికి సైనిక ఇంజనీరు కెప్టెన్ హేగ్ దుమ్ముగూడెంలో ఉండేవాడు. చుట్టూ ఉన్న కోయ ఆదివాసుల మధ్య సువార్త పని జరగాలని ఆయన పట్టుబట్టాడు. 1860ల తొలినాళ్లలో చర్చి మిషనరీ సొసైటీ అక్కడ మిషన్ తెరిచింది. తొలి విశ్వాసులలో ఒకరు హేగ్ దగ్గర పనిచేసిన వెంకటరామ రాజు. ఆయన తరువాతి కాలంలో కోయల మధ్యనే సేవ చేశాడు. పడవ మార్గం పనిని 1870ల మొదట్లో ప్రభుత్వం మానుకుంది. అప్పటిదాకా సెంట్రల్ ప్రావిన్సెస్‌లో ఉన్న భద్రాచలం, రేకపల్లి తాలూకాలు 1874లో మద్రాసు ప్రెసిడెన్సీ గోదావరి జిల్లాలో కలిశాయి. ఇంజనీర్లు వెళ్లిపోయినా మిషన్ నిలిచింది.

ఆ మిషన్‌లో దీర్ఘకాలం ఉన్న జాన్ కెయిన్ 1876 నుంచి ‘ఇండియన్ యాంటిక్వరీ’ పత్రికలో భద్రాచలం, రేకపల్లి తాలూకాల గురించి రాశాడు. ఎడ్గార్ థర్‌స్టన్ 1909లో అచ్చు వేసిన దక్షిణ భారత కులాలు, తెగల సంపుటాలలో కోయల గురించిన భాగం చాలా మేరకు కెయిన్ రాతల మీదే నిలబడింది. ఈ రాతలను నేడు జాగ్రత్తగా చదవాలి. మిషనరీ కంటికి కనిపించినది, కనిపించనిది రెండూ వాటిలో ఉన్నాయి.

అంత్యక్రియల వర్ణననే చూద్దాం. శవాన్ని మంచం మీద మోసుకెళ్లడం, ఆవునో ఎద్దునో కోసి తోకను చనిపోయినవారి చేతిలో పెట్టడం, వారి పేర రాళ్లు నిలపడం ఇందులో వస్తాయి. అదే వరసలో ఇంకో విషయం కూడా ఉంది: ఎవరైనా హఠాత్తుగా చనిపోతే అది ఎవరో చేయించిన పనేనని అనుమానించి, చేయించినవారిని వెతికే ఆచారం. కెయిన్‌కు ఈ రెండూ ఒకే చీకటికి గుర్తులు. నాకు మాత్రం వీటి మధ్య పెద్ద గీత కనిపిస్తుంది. రాయి నిలపడం ప్రేమతో చేసే పని. పోయినవాళ్ల పేరు ఊళ్లో ఉండాలన్న ఆరాటం అందులో ఉంది. కారకుణ్ణి వెతకడం భయంతో చేసే పని. దాని చివర ఎవరో ఒక ఒంటరి ముసలమ్మ గుమ్మం ఉంటుంది. ఈ రెండింటినీ ఒకే మూటగా కట్టి వదిలేయమంటే, మొదటిది పోయినందుకు మనిషి లోలోపల ఏడుస్తాడు, రెండోదాన్ని చాటుగా దాచుకుంటాడు.

మధ్యలో వదిలేసిన చోటు

ఇలా ఎందుకు జరుగుతుందో చెప్పినవాళ్లలో నాకు అందరికన్నా దగ్గరగా తోచేది పాల్ హీబర్ట్. 1932లో తెలంగాణలోనే మిషనరీ దంపతులకు పుట్టి, మహబూబ్‌నగర్ ప్రాంతంలో పనిచేసి, తరువాత మానవ శాస్త్రవేత్త అయిన మనిషి. ఆయన రాసిన ఒక సంఘటన ముచ్చింతల గ్రామపు సంఘపెద్ద ఆయన గుమ్మంలోకి రావడంతో మొదలవుతుంది. ఊళ్లో మశూచి సోకింది. మైసమ్మకు దున్నపోతును బలి ఇవ్వాలని సోదె చెప్పినవారు అన్నారు. ఇంటింటికీ చందా వేశారు. క్రైస్తవులు ఇవ్వం అన్నారు. దుకాణాల్లో వాళ్లకు సరుకు అమ్మడం మానేశారు, బావి దగ్గరికి రానివ్వలేదు. అంతలో క్రైస్తవుల ఇంట్లోనే ఒక పిల్లకు మశూచి వచ్చింది. వచ్చి ప్రార్థన చేయమని ఆ పెద్ద ఎండలో మైళ్లు నడిచి వచ్చాడు.

హీబర్ట్ మోకాళ్లూని ప్రార్థించాడు గానీ తన చదువులో ఈ ప్రశ్నకు చోటే లేదని గుర్తించాడు. పైన దేవుడు, రక్షణ, పరలోకం గురించి వేదాంత కళాశాల నేర్పింది. కింద క్రిములు, మందులు, టీకాల గురించి విజ్ఞానశాస్త్రం నేర్పింది. మధ్యలో దయ్యాలు, దిష్టి, శాపం, రేపు ఏమవుతుందన్న దిగులు ఉన్న చోటును పాశ్చాత్య మిషనరీ అసలు చూడలేదు. సంఘం ఆ చోట జవాబివ్వకపోతే విశ్వాసి అక్కడికి మాత్రం పాత మంత్రగాడి దగ్గరికే వెళ్తాడు. ఆదివారం గుడికి, మంగళవారం మంత్రగాడి దగ్గరికి వెళ్లే మనిషిని మనం కపటి అంటాం. హీబర్ట్ చదివాక ఆ మాట అనడం నాకు కష్టమైంది.

ఆ పిల్ల చనిపోయింది. కొన్నాళ్ల తరువాత సంఘపెద్ద మళ్లీ వచ్చాడు, ఓడిపోయిన మొహంతో కాదు. పిల్ల బతికి ఉంటే మన దేవుడికి శక్తి ఉందని ఊరు ఒప్పుకునేదే, కానీ ఎప్పటికైనా చావాల్సిందేగా అనుకునేవాళ్లని, సమాధి దగ్గర క్రైస్తవులు పునరుత్థాన నిరీక్షణతో నిలబడ్డ తీరు చూసి ఇప్పుడు ఆరా తీస్తున్నారని చెప్పాడు. బలి చందా ఇవ్వని మనిషి తన పిల్ల శవం ముందు కూడా భయపడలేదన్నదే ఊరు చూసిన సాక్ష్యం. గతం మీద గెలుపు అంటే ఏమిటో చెప్పడానికి ఇంతకన్నా గట్టి ఉదాహరణ తెలంగాణ క్రైస్తవ చరిత్రలో నాకు దొరకలేదు.

మెదక్ డయాసిస్ గ్రామ సంఘాల మీద పి.వై. లూక్, జాన్ కార్మన్ చేసిన పరిశోధన 1968లో పుస్తకంగా వచ్చింది. తరాలుగా క్రైస్తవులైన ఇళ్లలో కూడా ఊరి దేవతల పండుగలు, పాత ఆచారాలు ఎలా కొనసాగాయో అందులో వివరంగా ఉంది. అడవి అంచున పరిస్థితి ఇంకా చిక్కైనది.

పౌలు ఇచ్చిన ఆధారం

ఈ సమస్య కొత్తది కాదు. మొదటి కొరింథీయులకు పత్రిక 8వ అధ్యాయంలో పౌలు విగ్రహాలకు అర్పించిన మాంసం గురించి మాట్లాడతాడు. విగ్రహం వట్టిదని తెలిసినవాళ్లకు ఆ మాంసం మాంసమే. కొందరికి మాత్రం ఇంతకుముందటి అలవాటు ఇంకా పోలేదు. తింటుంటే అది దేవతకు పెట్టిందన్న భావనతోనే తింటారు, మనస్సాక్షి దెబ్బతింటుంది. వాళ్లు విశ్వాసులే అని పౌలు ఒప్పుకుంటాడు. గతం మిగిలి ఉండటాన్ని అవిశ్వాసం అనడు. తెలిసినవాడు తెలియనివాడి కోసం ఆగాలి, అవసరమైతే మాంసమే మానుకోవాలి అంటాడు. అంటే పాత అలవాటు నుంచి ఒకరు బయటపడటం పక్కవాడి బాధ్యత కూడా.

ముత్యాలమ్మకు కోసిన మేక నుంచి బంధువుల ఇంటికి వచ్చిన పోగు ముందు కూర్చున్న విశ్వాసికి ఈ అధ్యాయం ప్రతి ఏడూ ఎదురవుతుంది. చాలా సంఘాలు తినకూడదన్న ఒక్క నియమంతో సరిపెడతాయి. నియమం తప్పని నేను అనను. ఆ పోగు తిరస్కరించాక తెగిపోయే బంధుత్వం బదులు సంఘం ఏమిస్తుంది అన్నది అసలు ప్రశ్న.

అపొస్తలుల కార్యములు 19వ అధ్యాయం కూడా ఇక్కడ చదవాలి. ఎఫెసులో అప్పటికే విశ్వసించినవాళ్లే వచ్చి తమ మాంత్రిక పనులు ఒప్పుకుంటారు. 50,000 వెండి నాణేల ఖరీదు చేసే పుస్తకాలు అందరి ముందు కాల్చేస్తారు. విశ్వసించిన నాటికీ పుస్తకాలు కాల్చిన నాటికీ మధ్య ఎడం ఉంది. అంతకాలం అవి ఇంట్లోనే ఉన్నాయి. ముడి మీద ముడి పడిన నల్లదారాన్ని, ఇంటి చూరులో దాచిన తాయెత్తును తెచ్చి సాక్ష్యాల వేళ బల్ల మీద పెట్టే అలవాటు మన ఊళ్లలోనూ ఉంది. అది బాప్తిస్మం తరువాత ఏళ్లకు జరిగితే ఆశ్చర్యపోనక్కర్లేదు, ఆలస్యమైందని నిందించనూ అక్కర్లేదు.

డోర్నకల్ పద్ధతి

ఖమ్మం పక్కనే ఉన్న డోర్నకల్‌లో ఈ పనిని ఒక పద్ధతిగా మలిచినవాడు వేదనాయగం సామ్యూల్ అజరయ్య. తిరునల్వేలి క్రైస్తవులు 1903లో పెట్టుకున్న ఇండియన్ మిషనరీ సొసైటీ తరఫున నిజాం రాజ్యంలోకి వచ్చి, 1912 డిసెంబర్ 29న తొలి భారతీయ ఆంగ్లికన్ బిషప్‌గా అభిషేకం పొందాడు. 1945 జనవరి 1న చనిపోయే నాటికి ఆయన డయాసిస్‌లో విశ్వాసుల సంఖ్య 2 లక్షలు దాటింది. వాళ్లలో అత్యధికులు మాల, మాదిగ కుటుంబాలవాళ్లు. దుమ్ముగూడెం మిషన్ కూడా తరువాత ఈ డయాసిస్ కిందికే వచ్చింది.

అజరయ్య గతాన్ని ఒక ఆధ్యాత్మిక మరకగా మాత్రమే చూడలేదు. మురికి, రోగం, అప్పు, తాగుడు అనే నాలుగింటి మీద పోరాడాడు. వెట్టి చాకిరీలో పుట్టి, అప్పులో పెరిగి, దొర గడీ ముందు చెప్పులు చేత పట్టుకుని నడిచినవాడి గతం ఒంట్లోనే ఉంటుంది. వాడిచేత తల మీద చెయ్యి పెట్టించి, సువార్త చెప్పకపోతే తనకు శ్రమ అని అనిపించేవాడు బిషప్. నిన్నటిదాకా నోరు విప్పడానికి వీల్లేని మనిషికి నోరు విప్పడమే బాధ్యత అయింది. ఇందులోని వైద్యాన్ని మనం తగినంతగా అధ్యయనం చేయలేదు. వంటకు కొలిచిన బియ్యంలోంచి గుప్పెడు తీసి దేవుని కుండలో వేసే ఆడవాళ్లు కూడా అలాగే, అడుక్కునే చెయ్యి ఇచ్చే చెయ్యి కావడాన్ని రోజూ తమ చేతులతోనే నేర్చుకున్నారు.

ఇంకోవైపు ఆయన జ్ఞాపకాన్ని గౌరవించాడు. 1939 ప్రత్యక్షత పండుగనాడు ప్రతిష్ఠించిన డోర్నకల్ కెథీడ్రల్‌లో గుడి, మసీదు కట్టడాల పోకడలు రెండూ కనిపిస్తాయి. విశ్వాసి తన నేల మీద పరాయివాడు కానక్కర్లేదని ఆ కట్టడం చెబుతుంది.

కులం దగ్గర మాత్రం ఈ పద్ధతి కూడా పూర్తిగా గెలవలేదు. మాలపల్లెకు ఒక ప్రార్థన మందిరం, మాదిగపల్లెకు ఒకటి ఉన్న ఊళ్లు నేటికీ ఉన్నాయి. చట్టం ఈ గతాన్ని ఇంకోలా పట్టి ఉంచింది. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం క్రైస్తవుడైన దళితుడు ఎస్సీ హోదా కోల్పోయి బీసీ–సీ కింద చేరతాడు. కోయ క్రైస్తవుడి ఎస్టీ హోదా మాత్రం మారదు. దాంతో ఎందరో దళిత విశ్వాసులు కాగితం మీద పాత పేరుతో, ఆదివారం కొత్త పేరుతో బతుకుతున్నారు. గతాన్ని వదలమని బోధించేవాళ్లు వదిలిన మనిషికి అయ్యే ఖర్చును కూడా లెక్కలోకి తీసుకోవాలి.

నేటి ప్రశ్న

2005లో ఛత్తీస్‌గఢ్‌లో మావోయిస్టులకు వ్యతిరేకంగా సల్వాజుడుం మొదలయ్యాక ఊళ్లు విడిచి వచ్చిన గుత్తికోయలు భద్రాచలం, ఖమ్మం అడవుల్లో గుంపులుగా స్థిరపడ్డారు. వాళ్లు మోసుకొచ్చిన గతంలో తగలబడ్డ ఇళ్లు, తుపాకుల చప్పుళ్లు ఉన్నాయి. ఇక్కడి చిన్న చిన్న స్వతంత్ర సంఘాలు వాళ్ల మధ్య ప్రార్థన పెడుతున్నాయి. ఈ మందిరాల్లో నన్ను కలవరపెట్టేది ప్రార్థన చేసిన కొబ్బరినూనె సీసా. జ్వరానికి నూనె, పాముకాటుకు నూనె, గొడ్డు పాలివ్వకపోయినా నూనె. యాకోబు పత్రిక పెద్దలు వచ్చి రోగి మీద ప్రార్థించాలని చెప్పింది. ఇక్కడ పెద్దలు రావడం తగ్గి, సీసా వెళ్లడం పెరిగింది. తాయెత్తు పోయి సీసా వస్తే పాత భయం కొత్త చొక్కా తొడుక్కున్నట్టే. చర్ల, దుమ్ముగూడెం వైపు జ్వరమంటే మలేరియా కావచ్చు. రక్తపరీక్ష చేయించి, ఆ రాత్రంతా రోగి పక్కన కూర్చుని ప్రార్థించే సంఘం హీబర్ట్ చెప్పిన మధ్య చోటులో నిలబడినట్టు.

చిల్లంగి, అంటే చేతబడి, చేశారన్న అనుమానంతో మనుషుల్ని కొట్టిన, చంపిన వార్తలు ఏజెన్సీ ప్రాంతం నుంచి ఇప్పటికీ వస్తూనే ఉన్నాయి. ఈ భయం విషయంలో సంఘం బోధించిన దానికన్నా చేసినదే పరిశోధకుడు చూడాలి. డోలు పట్టుకున్నాడని ఒక కోయ యువకుణ్ణి ప్రభువు బల్ల దగ్గరికి రానివ్వని సంఘాన్నే, ఊరంతా చిల్లంగి పెట్టిందని వేలు చూపిన ముసలమ్మ ఇంటికి ఎవరైనా వెళ్లి ఆమె చేతి నీళ్లు తాగారా అని అడగాలి. వెళ్లిన సంఘాల పేర్లు రికార్డుల్లోకి ఎక్కలేదు. బాప్తిస్మాల రిజిస్టర్లు ఉన్నాయి, పెళ్లిళ్ల రిజిస్టర్లు ఉన్నాయి. ఆ ఇంటికి వెళ్లినవాళ్ల మాటలను కోయ భాషలోనూ తెలుగులోనూ సేకరించే పని ఈ ప్రాంతపు వేదాంత విద్యార్థుల ముందు ఉంది. అలా వెళ్లినవాళ్లలో పెద్ద వయసువాళ్లు ఇంకా ఊళ్లలోనే ఉన్నారు.