రాజావారి బ్యాటు, నాయుడుగారి సిక్సరు

1936 వేసవిలో ఇంగ్లండ్ వెళ్ళిన భారత క్రికెట్ కెప్టెన్ వెంట 36 పెట్టెల సామాను, ఇద్దరు నౌకర్లు కూడా ఓడెక్కారు. ఆయన పూసపాటి విజయానంద గజపతిరాజు, విజయనగరం మహారాజకుమార్. క్రికెట్ లోకానికి విజ్జీ. ఆయన కింద మామూలు ఆటగాడిగా మరో తెలుగువాడున్నాడు. కొఠారి కనకయ్య నాయుడు, అంటే సీకే.

నాగపూర్‌లో పుట్టిన సీకే పేరు దేశమంతా మోగింది 1926లో. బొంబాయి జింఖానాలో హిందూ జట్టు తరఫున ఇంగ్లండ్ నుంచి వచ్చిన ఎంసీసీ జట్టు బౌలర్లను చితకబాది, రెండు గంటలైనా పట్టకుండా 153 పరుగులు చేశారు. అందులో సిక్సర్లే 11. 1932లో ఇంగ్లండ్ పర్యటనకు కెప్టెన్‌గా వెళ్ళింది పోర్‌బందర్ మహారాజా అయినా, తన ఆట ఏపాటిదో ఆయనకు తెలుసు. మర్యాదగా తప్పుకున్నారు. అలా లార్డ్స్‌లో మన తొలి టెస్టుకు సీకే సారథి అయ్యారు. చేతికి దెబ్బ తగిలినా తొలి ఇన్నింగ్స్‌లో జట్టులో అందరికంటే ఎక్కువగా 40 పరుగులు చేశారు.

విజ్జీకి పోర్‌బందర్ వారి వివేకం లేదు. ఆయనకు క్రికెట్ మీద మోజు నిజమైనదే, చిక్కంతా అక్కడే వచ్చింది. కాశీలోని తమ దివాణంలో మైదానం వేయించారు. 1930లో జాక్ హాబ్స్, సట్‌క్లిఫ్ అంతటి వారిని రప్పించి తన జట్టులో ఆడించారు. వైస్రాయ్ విల్లింగ్డన్‌ను మంచి చేసుకున్నారు. సంస్థానాల చందాల మీద నడిచే ఆనాటి బోర్డులో ఇంత చేసినవాడికి కెప్టెన్సీ అందకపోతేనే వింత. తప్పంతా కొన్నవాడిదే అనుకోనక్కర్లేదు, అమ్మినవాళ్ళు కూడా ఉన్నారు.

1936 పర్యటన కథలు ఇప్పటికీ నవ్విస్తాయి. ఒక కౌంటీ కెప్టెన్‌కు విజ్జీ బంగారు గడియారం బహూకరించారట. ఆ దొర మొహమాటానికి ఒక ఫుల్‌టాస్, రెండు లాంగ్‌హాప్‌లు వేశాడట. ఇంగ్లండ్‌లో రోజంతా అలా వేస్తూ కూర్చోవడం కుదరదు కదా అని తర్వాత వాపోయాడట.

అదే జట్టులోని లాలా అమర్‌నాథ్‌కు జరిగింది మాత్రం నవ్వులాట కాదు. పరుగుల్లోనూ వికెట్లలోనూ ఆయన అప్పటికి మంచి ఊపు మీదున్నారు. లార్డ్స్‌లో మైనర్ కౌంటీస్‌తో మ్యాచ్. ప్యాడ్లు కట్టుకుని సిద్ధంగా కూర్చున్న మనిషిని ఆపి, కెప్టెన్ ఒకరి తర్వాత ఒకరిగా వేరేవాళ్ళను పంపుతూ పోయారు. చివరికి ఆట ముగియడానికి కాసేపటి ముందు అమర్‌నాథ్ వంతు వచ్చింది. తిరిగొచ్చి డ్రెస్సింగ్ రూములో ప్యాడ్లు, బ్యాటు విసిరికొట్టి పంజాబీలో ఏదో అన్నారు. ఇంకా తొలి టెస్టయినా మొదలు కాకముందే ఆయన్ను ఓడెక్కించి ఇంటికి పంపేశారు.

మాంచెస్టర్ టెస్టులో తోటి ఓపెనర్ మర్చంట్‌ను రనౌట్ చేయించమని ముస్తాక్ అలీకి కెప్టెన్ చెప్పారనీ, ముస్తాక్ ఆ మాట నేరుగా మర్చంట్ చెవిన వేశారనీ అంటారు. ఇద్దరూ నవ్వుకుని 203 పరుగుల ఓపెనింగ్ భాగస్వామ్యం నెలకొల్పారు. ఇక, పొద్దున ఫలహారం దగ్గర సీకేను అందరి ముందూ దుర్భాషలాడినందుకే జట్టులోని బాకా జిలానీకి ఓవల్‌లో టెస్టు స్థానం దక్కిందన్నది ఆనాడే పాకిన మాట. అదే మ్యాచ్‌లో ఇంగ్లండ్ బౌలర్ గబ్బీ అలెన్ వేసిన బంతి గుండె కింద బలంగా తగిలినా సీకే బయటికి రాలేదు. 81 కొట్టారు. ఆయనకదే ఆఖరి టెస్టు.

విజ్జీ లెక్క: మూడు టెస్టులు, 33 పరుగులు, సగటు 8.25. ఆ ఏడే సర్ బిరుదు కూడా వచ్చింది! ఇంటికొచ్చాక విచారణ జరిపిన బ్యూమాంట్ కమిటీ ఆయన కెప్టెన్సీని తూర్పారబట్టి, అమర్‌నాథ్‌ను నిర్దోషిగా తేల్చింది.

అంతటితో తెర దించేసి విజ్జీని విదూషకుడిగా వదిలేయడం మన అలవాటు. నాకది సగం కథే అనిపిస్తుంది. 1954లో ఆయన క్రికెట్ బోర్డు అధ్యక్షుడయ్యారు, రేడియో వ్యాఖ్యానం చెప్పారు, విశాఖ నుంచి లోక్‌సభకు వెళ్ళారు. సీకే అటు హోల్కర్ జట్టును రంజీ విజేతగా నిలిపి, 58 ఏళ్ళ వయసులో 1953-54లో కొత్తగా రంజీలోకొచ్చిన ఆంధ్ర జట్టుకు సారథ్యం వహించారు. మరి మూడేళ్ళకు ఉత్తరప్రదేశ్ పిలిచింది. ఆ పిలుపు వెనక ఉన్నది విజ్జీయే. 1936లో తన కింద ఆడించుకున్న మనిషికి ఇరవై ఏళ్ళ తర్వాత తానే కెప్టెన్సీ ఇప్పించారు. అరవై దాటిన సీకే ఆ జట్టు తరఫున తన ఆఖరి రంజీ ఇన్నింగ్స్‌లో 52 పరుగులు చేశారు. విజ్జీ మూడు టెస్టుల మొత్తం కన్నా అవి 19 ఎక్కువ.