ఆరు ఊళ్లు, ముప్ఫై క్షిపణులు

కొండదారిన నడుస్తున్నాడు. కింద శాన్‌ఫ్రాన్సిస్కో అఖాతం. చల్లటి గాలి. ఉన్నట్టుండి సముద్రం వైపు నుంచి ఒక తెల్లటి గీత ఆకాశాన్ని చీల్చుకుంటూ వచ్చింది. అదేమిటో అతనికి తెలుసు. ఆ పేలుడు కొండ దాకా వస్తుందనీ తెలుసు. పరుగెత్తడానికి చోటు లేదు.

దిగ్గున లేచి కూర్చున్నాడు. డేవ్ థ్యూరర్‌కి ఇలాంటి కల అదే మొదలు కాదు. అదే ఆఖరూ కాలేదు.

తెల్లారితే మళ్లీ అదే పని. కాలిఫోర్నియాలోని సన్నీవేల్, అటారీ కంపెనీ. తెర మీద అవే గీతలు. కాకపోతే వాటిని దింపేది ఇక్కడ అతనే.

పై అధికారి స్టీవ్ కాల్ఫీ అప్పజెప్పిన పని వినడానికి చిన్నదే. దూసుకొచ్చే క్షిపణుల నుంచి కాలిఫోర్నియా తీరాన్ని కాపాడే వీడియో గేమ్. థ్యూరర్ ఒక్క పట్టు పట్టాడు. ఆడేవాడు కాపాడుకోవాలి, అంతే. ఎదుటి దేశం మీద ఒక్క బాంబు కూడా వెయ్యకూడదు. పట్టు నెగ్గింది. చిక్కు అక్కడే మొదలైంది.

నల్లటి తెర. అడుగున ఆరు నగరాలు, మూడు స్థావరాలు. స్థావరానికి పదేసి క్షిపణులు. కుడి అరచేతి కింద బరువైన బంతి, ఎడమ వేళ్ల కింద మూడు మీటలు. గీత దిగుతోంది. సూటిగా దాని మీదికే గురిపెడితే మన క్షిపణి చేరేలోపు అది కిందికి జారిపోతుంది కాబట్టి, అది రాబోయే చోటు లెక్కగట్టి ముందే కాల్చాలి, అక్కడ నిప్పు గుండ్రంగా ఉబ్బి ఆరిపోయే ఆ కాస్త వ్యవధిలోనే గీత వచ్చి అందులో పడాలి, ఒకే మంటలో రెండు మూడు పడితే తప్ప మిగతా ఊళ్లకి క్షిపణులు మిగలవు, ఈలోగా ఒక గీత నడిమధ్యలో పాయలుగా చీలిందంటే వేసిన లెక్కంతా తలకిందులు. మధ్య స్థావరం క్షిపణికి వేగమెక్కువ. చెయ్యి ముందు దాని మీదికే పోతుంది. అది ఖాళీ అయ్యాక గానీ అసలు ప్రశ్న ఎదురుకాదు.

ఏ ఊరిని వదిలెయ్యాలి?

ఇది కాల్చుడు ఆట అనుకుని దిగినవాడికి ఇక్కడే చెమటలు పట్టేవి. ఇది లెక్క. పైగా గడియారంతో పందెం.

మొదట్లో ఆ ఆరింటికీ పేర్లుండేవి. యురేకా, శాన్‌ఫ్రాన్సిస్కో, శాన్ లూయిస్ ఒబిస్పో, శాంతా బార్బరా, లాస్ ఏంజెలెస్, శాన్ డియేగో. తర్వాత పేర్లు తీసేశారు. ఇక అవి ఎవరి ఊళ్లయినా కావచ్చు, విశాఖ కావచ్చు. స్థావరాల పరిస్థితి చూపించడానికి తెర పైన లైట్ల పలక ఒకటి బిగించారు. ఆడేవాళ్ల చూపు అటు మళ్లేది. ఆ క్షణంలోనే ఊరు కాలిపోయేది. పలక పీకేశారు.

బయట లోకమూ ఏమంత నిబ్బరంగా లేదు. 1979 నవంబర్ 9 తెల్లవారుజామున అమెరికా రక్షణ కేంద్రం నోరాడ్ తెరల మీద సోవియట్ క్షిపణులు గుంపులుగా లేచాయి. యుద్ధ విమానాలు గాల్లోకి ఎగిరాయి. తీరా చూస్తే శిక్షణ కోసం రాసుకున్న దాడి, పొరపాటున అసలు కంప్యూటర్లలోకి ఎక్కింది. 1980 జూన్ 3న మళ్లీ హెచ్చరిక. ఈసారి దోషి 46 సెంట్ల చిప్పు.

ఆ ఏడాదే ఆర్కేడ్‌లలోకి వచ్చింది ‘మిసైల్ కమాండ్’.

నాణెం పడింది. మొదటి అల తేలిక. తర్వాత గీతల వేగం పెరిగింది. మంటని తప్పించుకు దిగే తెలివైన బాంబులు వచ్చాయి. కాల్చకుండా మిగిల్చిన క్షిపణికి 5 పాయింట్లు, నిలబెట్టిన ఊరికి 100. బేరం స్పష్టమే. ఒక ఊరు పోయింది. ఇంకోటి పోయింది. ఆఖరి ఊరి మీద గీత వాలింది. తెరంతా ఒకే మంట ఉబ్బింది.

‘గేమ్ ఓవర్’ రాలేదు. ‘ది ఎండ్’ అని వచ్చింది.

ఎంతటి ఆటగాడైనా అక్కడికి చేరాల్సిందే. గెలుపు అన్నది థ్యూరర్ ఆ ప్రోగ్రామ్‌లో రాయనే లేదు. 1981లో అతను చేసిన ‘టెంపెస్ట్’కీ ఒక పీడకలే మూలం. నేలలోని గుంతలోంచి పైకి పాకే భూతాలు. 1984లో ‘ఐ, రోబోట్’ వచ్చింది. ఆ తర్వాత థ్యూరర్ ఆటల పని వదిలేసి, బొమ్మల ఫైళ్లను ఒక రూపంలోంచి ఇంకో రూపంలోకి మార్చే ‘డీబాబలైజర్’ అనే సాఫ్ట్‌వేర్ రాసుకున్నాడు.