అడ్డం కాదు, నిలువు

మొన్న ఆర్‌లో ఓ లిస్టుని అన్‌లిస్ట్ చేసి మాట్రిక్సుగా మార్చా. నాలుగు ఊళ్ళు, ఊరికో వరస, మూడేసి నెలల అమ్మకాలు. ఎర్రరేమీ రాలేదు. రిపోర్టు క్లయింటుకి వెళ్ళాక తెలిసింది, ఒక ఊరి లెక్క ఇంకో ఊరి ఖాతాలో పడిందని!

తప్పు నాదే, కానీ దాని మూలం తవ్వితే 1957 దాకా పోయింది. ఐబీఎంలో జాన్ బేకస్ బృందం తయారుచేసిన ఫోర్‌ట్రాన్, మాట్రిక్సుని మెమరీలో నిలువు వరసలుగా పేరుస్తుంది. 1976లో బెల్ ల్యాబ్స్‌లో జాన్ ఛాంబర్స్ వాళ్ళు మొదలెట్టిన ఎస్ భాష ఫోర్‌ట్రాన్ రొటీన్ల మీద కట్టిందే, కాబట్టి అదే అలవాటు. 1990లలో ఆక్లండ్‌లో రాస్ ఇహాకా, రాబర్ట్ జెంటిల్‌మన్ రాసిన ఆర్, ఎస్ బాటలోనే నడిచింది.

అడ్డంగా నింపాలంటే 'బైరో = ట్రూ' అని మనమే చెప్పాలి. ఎర్రర్ రాలేదంటే లెక్క సరైనట్టు కాదండోయ్. మొదటి వరస ఓసారి కళ్ళతో చూసుకోండి.