విశాఖపట్నం జిల్లా: ఆవిర్భావం, తొలి చరిత్ర

ఏ రాజుకూ రాజధాని కాని ఒక రేవుపట్నం పేరు మీద ఏర్పడిన జిల్లా ఇది. ప్రాచీన కాలంలో ఈ సీమ కళింగంలో భాగం. తూర్పు గాంగుల కళింగనగరం ఉత్తరాన వంశధార ఒడ్డున, నేటి ముఖలింగం ప్రాంతంలో ఉండేది. గోల్కొండ సుల్తానుల ఏలుబడిలో అధికారం శ్రీకాకుళం ఫౌజుదారుది. ఆ తరువాత పలుకుబడి విజయనగరం పూసపాటివారి చేతికి వచ్చింది.

అలాగని ఈ తీరం వెలితిగా ఉండేదని కాదు. తొట్లకొండ, బావికొండ, పావురాలకొండ మీది బౌద్ధారామాలు క్రీస్తు శకానికి ముందే వెలిశాయి. అనకాపల్లి దగ్గర శంకరం కొండల్లో రాతిని తొలిచి కట్టినవి అంతకు తరువాతివి. సింహాచలం శాసనాల్లో పాతది 1098 నాటిది, కులోత్తుంగ చోళుడి కాలానిది. విశాఖపట్నానికి కులోత్తుంగచోళపట్టణమనే పేరు కూడా ఉండేది. సింహాచలంలో ఇప్పుడున్న ఆలయ నిర్మాణంలో ఎక్కువభాగం పదమూడో శతాబ్దంలో గాంగ నరసింహదేవుడి హయాంలో జరిగింది. గజపతులపై దండెత్తి వచ్చిన కృష్ణదేవరాయలు 1516లో స్వామిని సేవించి కానుకలిచ్చాడు.

డచ్చివారు భీమునిపట్నంలో పాగా వేయగా, 1682లో ఇంగ్లీషు ఈస్టిండియా కంపెనీ విశాఖలో వర్తక స్థావరం పెట్టింది. బట్టల వ్యాపారం వాళ్ల లక్ష్యం. ఔరంగజేబుతో కంపెనీకి చెడినప్పుడు, 1689లో మొగలాయి సేనలు ఆ స్థావరాన్ని పట్టుకున్నాయి. వ్యాపారం తిరిగి నిలదొక్కుకున్నా, ఊరి పొలిమేర దాటితే కంపెనీ మాట చెల్లేది కాదు.

మలుపు ఫ్రెంచివారి వల్ల వచ్చింది. హైదరాబాదు పాలకుడు సలాబత్ జంగు 1753లో ఈ తీరంతో సహా ఉత్తర సర్కారులను వారికి ధారాదత్తం చేశాడు. ఫ్రెంచి సేనాని బుస్సీ అండ చూసుకుని విజయనగరం రాజు విజయరామరాజు 1757 జనవరిలో బొబ్బిలి కోటపై పడ్డాడు. కోట బూడిదైంది, ఆ విజయం దక్కకుండానే విజయరామరాజు బొబ్బిలి వీరుడు తాండ్ర పాపారాయుడి చేతిలో హతుడయ్యాడు. ఆ ఏడే బుస్సీ విశాఖను ఇంగ్లీషువారి నుంచి లాక్కున్నాడు. అయితే విజయరామరాజు వారసుడు ఆనంద గజపతి ఫ్రెంచివారిపై తిరగబడి, 1758లో పట్నాన్ని పట్టి ఇంగ్లీషువారికి అప్పగించాడు. క్లైవు బెంగాలు నుంచి పంపిన కర్నల్ ఫోర్డు అదే ఏడు డిసెంబరులో చందుర్తి దగ్గర ఫ్రెంచి సేనను ఓడించాడు. కథలూ సినిమాలూ బొబ్బిలినే తలుచుకుంటాయి గాని, ఈ సీమ తలరాతను మార్చింది చందుర్తి.

1765లో ఢిల్లీ పాదుషా ఫర్మానా, 1766లో నిజాంతో ఒడంబడిక. వీటితో కాగితం మీద సర్కారులు కంపెనీవయ్యాయి. శిస్తు రావాలంటే మాత్రం విజయనగరం దివాణాన్నే ఆశ్రయించాలి. 1780లో హైదరాలీపై యుద్ధానికి ఓడ ఎక్కబోమని విశాఖలోని సిపాయిలు ఎదురు తిరిగి తెల్ల అధికారులను కాల్చారు. కంపెనీ పట్టు అంత పలచన.

చివరికి విజయనగరం కంపెనీకి కట్టాల్సిన పేష్కషు (కప్పం) బకాయిల తగువు ముదిరింది. అప్పటి విజయనగరం రాజు చిన విజయరామరాజు జమీను వదిలి, నెలకు 1,200 రూపాయల భత్యంతో మచిలీపట్నం పోవాలని మద్రాసు నుంచి ఉత్తర్వు వచ్చింది. ఆయన మచిలీపట్నం బదులు పద్మనాభానికి వెళ్లి మకాం వేశాడు. 1794 జూలై 10న కర్నల్ ప్రెండర్‌గాస్టు సేనతో జరిగిన పోరులో నేలకొరిగాడు.

పరిపాలన రూపురేఖలు ఆ నెత్తుటి వెనుకే వచ్చాయి. కంపెనీ పాత పాలక మండలి రద్దయి, 1794లోనే కలెక్టర్లు వచ్చారు. 1802లో శాశ్వత శిస్తు పద్ధతి అమలైంది. ఆ వెంటనే విడివిడి కలెక్టరేట్లు కలిసి విశాఖపట్నం జిల్లా ఏర్పడింది. కొండసీమకు మైదానం చట్టాలు పొసగక, వరుస తిరుగుబాట్ల తరువాత 1839 చట్టంతో ఏజెన్సీని వేరుచేసి, కలెక్టరుకే గవర్నరు ఏజెంటు హోదా ఇచ్చారు.

జయపురం సంస్థానంతో సహా విస్తరించిన ఆ మహా జిల్లా తరువాత తరుగుతూ వచ్చింది. 1936లో జయపురం ఒరిస్సాకు పోయింది. 1950లో శ్రీకాకుళం, 1979లో విజయనగరం విడిపోయాయి. 2022 విభజనలో అనకాపల్లితో పాటు కొండసీమ కూడా వేరై, రేవూ ఉక్కు కర్మాగారమూ ఉన్న తీరపు ముక్క మిగిలింది. పద్మనాభం మాత్రం ఈ జిల్లాలోనే ఉంది.