చెన్నపురి యిసుక



నేటి ప్రసంగము చరిత్రమే గాని రాజుల చరిత్రము కాదు, ఇసుక చరిత్రము.

చెన్నపట్టణమునకు పోయినవారిలో మెరీనా యను విశాలసైకతస్థలమును చూడనివారు అరుదు. వెడల్పు సుమారు 300 మీటర్లు. అది సృష్ట్యాదినుండి యట్లే యున్నదని నేనును చిరకాలము భ్రమసితిని. 1639 లో దామెర్ల వేంకటాద్రి నాయకుడు ఆంగ్లవర్తకులకు తావొసగగా వారు కట్టుకొన్న కోటగోడల చేరువకే పూర్వము సముద్రము వచ్చుచుండెడిది. ఓడలు దూరమున లంగరు వేయగా, నారతో కుట్టిన మసూలా పడవలలో జనులు తడియుచు, ప్రాణములు గుప్పిట పెట్టుకొని దిగెడివారు.

ఈ కష్టము తొలగింప 1875 లో రేవునకు శంకుస్థాపనము జరిగెను. 1881 లో తుపాను ఆ గోడలను ఛిన్నాభిన్న మొనర్చెను, మరల కట్టిరి. తుపాను ఒకనాటి శత్రువు. ఇసుక నిత్యశత్రువని పిదప తెలిసినది.

నైరృతి ఋతుపవనకాలమున అలలు తిన్నగా రాక, దక్షిణమునుండి ఏటవాలుగా వచ్చును. అల ఎక్కునపుడు రేణువును ఐమూలగా పైకి త్రోయును. మరలునపుడు నీరు వాలునుబట్టి నేరుగా దిగును. కావున రేణువు బయలుదేరిన చోటికి రాక, కొంచెము ఉత్తరముగా దిగును. ఇట్లు రేయింబవళ్లు జరుగును. ఈశాన్య ఋతుపవనకాలమున కొంత వెనుకకు మరలినను, ఏడాది లెక్కలో ఉత్తరమునకు పోవునదే యెక్కువ. అది లక్షలకొలది టన్నులు. పాఱు కాలువలో ఒక ప్రక్కనుండి రాళ్లకట్ట చొప్పించిన రైతునకు వేఱుగ చెప్పనక్కరలేదు: ఎగువన మేట, దిగువన కోత.

రేవుగోడ యట్టి కట్టయే. దక్షిణమున ఇసుక నిలిచి తీరము పెరిగెను. 1884 లో గవర్నరు గ్రాంట్ డఫ్ అచ్చటి విహారమార్గమునకు మెరీనా యని పేరిడెను. ఇసుక గోడకొనను చుట్టి తూర్పుద్వారమును పూడ్చనారంభింపగా, 1904 లో అధ్యక్షుడైన ఫ్రాన్సిస్ స్ప్రింగ్ దానిని మూయించి ఈశాన్యమున క్రొత్తద్వారము తెరపించెను. ఓడల చిక్కు తీరెను.

ఉత్తరమున నున్న రాయపురమువారి చిక్కు తీరలేదు. రావలసిన యిసుక రాలేదు, పోవలసినది పోవుచునే యుండెను. పల్లెకారుల యిండ్లు కడలిలో కలిసెను. విద్యార్థిదశలో నేనచ్చటికి పోయినపుడు ఒక వృద్ధుడు అలలవైపు చేయిచాచి యేమో పలికెను. వెంటనున్న మా మేనమామ తెనిగించెను: "మా తాతగారి వాకిలి అచ్చట నుండెనట." అచ్చట నీరు తప్ప మఱేమియు లేదు. మెరీనాలో వేరుసెనగకాయలు నములుచు తిరిగిన నాకు ఆ సాయంకాలము మనసు చివుక్కుమన్నది. సముద్రుని నిందించుట నాకు న్యాయముగా తోపలేదు; ఆయన త్రోవ మార్చుకొనలేదు గదా! పిమ్మట ఆ తీరమున బండరాళ్ల గోడలు పేర్చిరి; కోత ఇంకను ఉత్తరమునకు జరిగినది.

1933 లో ప్రారంభమైన మన విశాఖపట్టణపు రేవున ఈ పాఠము కొంత పనికివచ్చెను. అచ్చట పాత ఓడలు రెండింటిని ముంచి అలలకు అడ్డుకట్టగా చేసిరి. దాని మాటున చేరిన యిసుకను యంత్రనావతో తోడి ఉత్తరతీరమున పోయు పద్ధతి యేర్పడెను. అచ్చటి తీరమున షికారు పోవువారి కాలిక్రింది యిసుకలో కొంత, అట్లు గొట్టములగుండ వచ్చినదే.